పసిబిడ్డల సురక్షిత శయనభంగిమలు: సిద్దిపేట ప్రాంత శిశుసంరక్షణ సంప్రదాయాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పసిబిడ్డను ఏ భంగిమలో నిద్రపుచ్చాలి అనే ప్రశ్నకు ఆధునిక వైద్యశాస్త్రం 1990ల ఆరంభంలో స్పష్టమైన సమాధానం ఇచ్చింది. ఏడాది నిండేవరకు ప్రతి నిద్రకూ బిడ్డను వెల్లకిల పడుకోబెట్టాలన్నది ఆ సమాధానం. తెలుగువారి ఊయల సంప్రదాయం ఈ భంగిమను ముందునుంచీ పాటిస్తూనే ఉంది. అయితే అదే సంప్రదాయంలో భాగమైన చీర తొట్టె, మెత్త, బొంత, కుంపటి వంటివాటిని నేటి పరిజ్ఞానంతో తిరిగి చూడవలసిన అవసరం ఉంది. సిద్దిపేట ప్రాంత శిశుసంరక్షణ ఆచారాలను, శయనభంగిమలకు సంబంధించిన తెలుగు పదజాలాన్ని, వైద్యశాస్త్ర నిర్ధారణలను పక్కపక్కన పెట్టి, నిలుపుకోవలసినవి ఏవో, మార్చుకోవలసినవి ఏవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శిశునిద్ర, వెల్లకిల, బోర్లా, తొట్టెల, ఆకస్మిక శిశుమరణం, ఆశా కార్యకర్త, సిద్దిపేట.

1. ఉపోద్ఘాతం

పుట్టిన బిడ్డ తొలి మూడు నెలలు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రలోనే గడుపుతుంది. తన తల తాను నిలుపుకోలేని, ముఖంమీద పడిన గుడ్డను తాను తొలగించుకోలేని దశ అది. కాబట్టి బిడ్డ నిద్రించే భంగిమ, కింద పరచిన పక్క, చుట్టూ ఉన్న వస్తువులు పెద్దల నిర్ణయంపైనే ఆధారపడి ఉంటాయి. ఆ నిర్ణయం బిడ్డ ప్రాణానికి సంబంధించినది.

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. పూర్వపు మెదక్ జిల్లా భాగాలతోపాటు కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్, వరంగల్ జిల్లాలోని చేర్యాల ప్రాంతాలు ఇందులో చేరాయి. వ్యవసాయం, చేనేత, బీడీల తయారీ ఇక్కడి కుటుంబాలకు ముఖ్యమైన జీవనాధారాలు. 2018లో సిద్దిపేటలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. తొలికాన్పుకు ఆడబిడ్డ తల్లిగారింటికి రావడం ఇక్కడి ఆచారం. కాన్పు ఆసుపత్రిలో జరుగుతున్నా, తరువాతి నెలల్లో బిడ్డ పెంపకం అమ్మమ్మ, నాయనమ్మల మాటమీదే సాగుతుంది. అందువల్ల శిశునిద్రను గురించిన ఏ వైద్యసలహా అయినా ఇంటి పెద్దల అనుభవంతో సంభాషించకుండా ఆచరణలోకి రాలేదు.

2. శయనభంగిమలు – తెలుగు పదజాలం

బిడ్డ పడుకునే భంగిమలు ప్రధానంగా మూడు. వీపు నేలకు ఆని ముఖం పైకి ఉండటం వెల్లకిల. పొట్ట నేలకు ఆని ముఖం కిందికి లేదా పక్కకు తిరిగి ఉండటం బోర్లా. ఒక పక్కకు తిరిగి పడుకోవడం ఒత్తిగిలడం. సిద్దిపేట ప్రాంత వ్యవహారంలో మొదటిదాన్ని ‘ఎల్లెల్కల’ అనీ, రెండవదాన్ని ‘బోర్ల’ అనీ అంటారు.

‘బోర్లాపడటం’ అనే మాట వాడుక ఈ సందర్భంలో గమనింపదగినది. బిడ్డ ఎదుగుదలలో అదొక మైలురాయి. బిడ్డ తొలిసారి తనంతట తాను బోర్లాపడినప్పుడు బొబ్బట్లు, తొలి అడుగులు వేసినప్పుడు అరిసెలు చేసి పంచడం తెలుగిళ్లలో వేడుక. బోర్లాపడటం వేడుక కావాలంటే అంతకుముందు బిడ్డ వెల్లకిల ఉండి ఉండాలి. అంటే వెల్లకిల ఉండటం పసిబిడ్డకు సహజస్థితి అనీ, బోర్లాపడటం బిడ్డ తన బలంతో సాధించుకోవలసినదనీ ఈ ఆచారం సూచిస్తున్నది. పెద్దలు బిడ్డను బోర్లా పడుకోబెట్టడం వేరు, బిడ్డ తానుగా బోర్లాపడటం వేరు. నేటి వైద్యశాస్త్రం చేస్తున్న విభజన కూడా ఇదే.

మర్రాకుమీద శయనించి కాలిబొటనవేలిని నోట పెట్టుకున్న వటపత్రశాయి రూపం తెలుగువారికి చిరపరిచితం. ఆ బాలుడు కూడా వెల్లకిలే ఉంటాడు. చరకసంహిత శారీరస్థానం పసిబిడ్డకోసం ఏర్పరచే కుమారాగారాన్ని వర్ణిస్తూ గాలి ధాటిగా తగలని చోటును, తేలికైన శుభ్రమైన పక్కబట్టలను, మలినమైన బట్టలను వెంటనే తొలగించడాన్ని పేర్కొన్నది. నిద్రించే స్థలం విషయంలో శ్రద్ధ ఈ నేలకు కొత్తది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

3. వైద్యశాస్త్రంలో మారిన అభిప్రాయం

ఏడాదిలోపు బిడ్డ నిద్రలో హఠాత్తుగా మరణించి, శవపరీక్ష, మరణించిన స్థలపరిశీలన, వైద్యచరిత్ర పరిశీలన తరువాత కూడా కారణం తేలనప్పుడు దానిని ఆకస్మిక శిశుమరణం అంటారు. ‘సడెన్ ఇన్ఫెంట్ డెత్ సిండ్రోమ్’ అనే పేరు 1969లో స్థిరపడింది; దాని సంక్షిప్తరూపం ‘సిడ్స్’. ఈ మరణాల్లో దాదాపు 90 శాతం ఆరు నెలలలోపు సంభవిస్తాయి. రెండు నుంచి నాలుగు నెలల మధ్యకాలంలో ప్రమాదం అత్యధికం.

ఇరవయ్యవ శతాబ్దపు నడుమ పాశ్చాత్యదేశాల్లో బిడ్డను బోర్లా పడుకోబెట్టమన్న సలహా బలంగా ఉండేది. అమెరికా శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్ రచించిన, విశేష ప్రచారం పొందిన శిశుసంరక్షణ గ్రంథం కూడా 1950ల తరువాతి ముద్రణల్లో ఆ సలహానే ఇచ్చింది. వెల్లకిల ఉన్న బిడ్డ పాలు కక్కుకుంటే ఊపిరాడదన్న భయం దీనికి ఆధారం. రూత్ గిల్బర్ట్ బృందం 2005లో ప్రచురించిన సమీక్ష ఈ చరిత్రను విశ్లేషించింది. 1970 నాటికే అందుబాటులో ఉన్న ఆధారాలను క్రమపద్ధతిలో పరిశీలించి ఉంటే బ్రిటన్‌లో 10,000కు పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రలేషియాలలో కలిపి కనీసం 50,000 శిశుమరణాలను నివారించగలిగే వారని ఆ సమీక్ష అంచనా వేసింది. సదుద్దేశంతో ఇచ్చిన సలహా కూడా పరీక్షకు నిలవకపోతే ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి ఇది ఒక ఉదాహరణ.

1991లో న్యూజీలాండ్, బ్రిటన్ దేశాల్లో బిడ్డలను బోర్లా పడుకోబెట్టవద్దన్న ప్రచారం మొదలైంది. 1992లో అమెరికా శిశువైద్యుల అకాడమీ ఇదే సూచన చేసింది. 1994లో అక్కడ ‘బ్యాక్ టు స్లీప్’ పేరుతో జాతీయ ప్రచారం ప్రారంభమైంది. అమెరికాలో లక్ష జననాలకు 1990లో సుమారు 130గా ఉన్న సిడ్స్ మరణాల రేటు 2020 నాటికి సుమారు 38కి తగ్గింది. ఈ తగ్గుదలలో కొంతభాగం మరణకారణాల నమోదులో వచ్చిన మార్పువల్ల కలిగింది. పక్కమీద ప్రమాదవశాత్తు ఊపిరాడక సంభవించిన మరణాలుగా నమోదైనవి ఇదే కాలంలో పెరిగాయి. అందుకే ప్రచారం భంగిమతో ఆగక, పక్క, పరిసరాల భద్రతకు కూడా విస్తరించింది.

4. వెల్లకిల శయనం – శరీరధర్మ కారణాలు

“వెల్లకిల ఉంటే పాలు పొలమారతాయి” అన్నది సిద్దిపేటలోనే కాక అనేక దేశాల్లో వినిపించే భయం. శరీరనిర్మాణాన్ని గమనిస్తే ఈ భయానికి సమాధానం దొరుకుతుంది. మెడలో శ్వాసనాళం ముందువైపు, ఆహారనాళం దాని వెనుక ఉంటాయి. బిడ్డ వెల్లకిల ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి చేరాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడు ఈ అమరిక తలకిందులై, పాలు శ్వాసనాళద్వారం వైపు జారే అవకాశం ఏర్పడుతుంది. దీనికితోడు ఆరోగ్యవంతమైన బిడ్డకు మింగడం, దగ్గడం అనే రక్షణ ప్రతిచర్యలు సహజంగా ఉంటాయి. వెల్లకిల పడుకోబెట్టడంవల్ల పొలమారే ప్రమాదం పెరగలేదని ప్రచారాల అనంతర అనుభవం కూడా నిరూపించింది.

బోర్లా భంగిమలో ప్రమాదం అనేక మార్గాల్లో వస్తుంది. ముఖం మెత్తటి పక్కలో కూరుకున్నప్పుడు బిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. శరీరపు వేడి బయటికి పోదు. నిద్ర గాఢమై, ఊపిరి అందనప్పుడు మేల్కొనే శక్తి మందగిస్తుంది. 1994లో ఫిలియానో, కిన్నీ అనే పరిశోధకులు ప్రతిపాదించిన ‘త్రివిధ ప్రమాద’ నమూనా ఈ అంశాలను సమన్వయిస్తుంది. అంతర్గతంగా బలహీనత ఉన్న బిడ్డ, ఎదుగుదలలోని సున్నితమైన దశ, బయటినుంచి వచ్చే ఒత్తిడి – ఈ మూడు ఒకచోట కలిసినప్పుడు మరణం సంభవిస్తుందని ఆ నమూనా చెబుతుంది. మొదటి రెండింటిని ఇంటివారు ముందుగా గుర్తించలేరు. మూడవది మాత్రం వారి చేతిలోనే ఉంది.

పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టడం మధ్యేమార్గంగా తోచవచ్చు. కాని ఆ భంగిమ స్థిరమైనది కాదు. బిడ్డ కొంచెం కదిలినా బోర్లా ఒరిగిపోతుంది. ఒరగకుండా వీపు వెనుక పెట్టే చిన్న మెత్తలు ముఖానికి అడ్డుపడే మరో ప్రమాదాన్ని తెస్తాయి.

5. సిద్దిపేట ప్రాంత ఆచారాలు – పరిశీలన

5.1. చీర తొట్టె

పాత నూలుచీరను దూలానికి కట్టి బిడ్డను ఊపడం ఈ ప్రాంతంలో అనాదిగా ఉన్న పద్ధతి. నూలుబట్టకు గాలి ఆడే గుణం ఉంది. బిడ్డ అందులో వెల్లకిలే ఉంటుంది. పనిచేసుకుంటున్న తల్లికి అది మూడో చెయ్యి. అయితే బట్ట బరువుకు కిందికి కుంగినప్పుడు బిడ్డ వీపు విల్లులా వంగి, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. మెడ బలం లేని పసిబిడ్డకు ఈ వంపులో శ్వాసమార్గం ఇరుకవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, తక్కువ బరువు బిడ్డలకు ఇది మరింత ప్రమాదకరం. బట్ట రెండు అంచులు దగ్గరపడి ముఖాన్ని కప్పే అవకాశం కూడా ఉంది. బిడ్డ దొర్లే వయసు వచ్చాక జారిపడటం, మెడకు బట్ట చుట్టుకోవడం వంటివి జరగవచ్చు.

నిద్రించే తలం గట్టిగా, సమతలంగా ఉండాలన్నది నేటి ప్రమాణం. పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశుశయన పరికరాల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం ద్వారా నిషేధించింది. ఈ దృష్టితో చూస్తే చీర తొట్టెను పెద్దల కంటిముందు, బిడ్డను ఊరడించడానికి మాత్రమే వాడి, నిద్రపట్టగానే చదునైన పక్కమీదికి మార్చడం క్షేమకరం. పైభాగంలో కర్ర అడ్డంగా పెట్టి అంచులను విడదీసే పాత పద్ధతి ముఖంమీద బట్ట పడకుండా కొంత కాపాడుతుంది. వంపు సమస్యను మాత్రం అది తీర్చదు.

5.2. మెత్త, బొంత, పరుపు

తల గుండ్రంగా రావాలని ఆవాలు నింపిన చిన్న మెత్తను బిడ్డ తలకింద పెట్టడం తెలుగిళ్లలో కనిపిస్తుంది. ఎప్పుడూ వెల్లకిల ఉండటంవల్ల కొందరు బిడ్డల తల వెనుకభాగం చదునవుతుందన్నది నిజమే. కాని నిద్రలో మెత్త అవసరం లేదు. అది మెడను ముందుకు వంచుతుంది, ముఖానికి అడ్డురావచ్చు. మేల్కొని ఉన్న బిడ్డను పెద్దల సమక్షంలో రోజూ కొంతసేపు బోర్లా ఉంచడం, తలను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పి పడుకోబెట్టడం దీనికి సరైన మార్గం. ఇంకా పాకని బిడ్డను రోజంతటిలో కలిపి కనీసం 30 నిమిషాలు ఇలా బోర్లా ఆడించాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించింది.

పాత చీరలను పొరలుగా కుట్టిన బొంతను నేలమీద ముడతలు లేకుండా పరిస్తే అది గట్టి, సమతలమైన పక్క అవుతుంది. బజారులో దొరికే మెత్తటి ఫోమ్ పరుపుకంటే బిడ్డకు అదే మేలు. అదే బొంతను బిడ్డమీద కప్పితే ముఖంమీదికి జారే ముప్పు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లో పసిబిడ్డ పరుపు, దోమతెర ఉండటంతో ప్రత్యేకమైన శిశుశయ్య అన్న భావన పేద ఇళ్లకు కూడా చేరింది. అటువంటి పక్కలో బొమ్మలు, మడతబట్టలు, అదనపు మెత్తలు లేకుండా చూడటం, దోమతెర ముఖానికి తగలకుండా బిగువుగా నిలపడం అవసరం.

5.3. తల్లి పక్క

బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టడం ఇక్కడి ఆచారం కాదు. ఇది మేలైన అంశం. కనీసం తొలి ఆరు నెలలు బిడ్డ తల్లి గదిలోనే, అయితే వేరే పక్కమీద నిద్రించాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022 విధానపత్రం చెబుతున్నది. స్తన్యపాన వైద్య అకాడమీ 2020లో సవరించిన సూచనల్లో, పాలిచ్చే తల్లి ఇతర ప్రమాదహేతువులు లేనప్పుడు బిడ్డతో పక్క పంచుకోవడాన్ని పూర్తిగా నిషేధించలేదు. రెండు సంస్థలు ఏకీభవించే అంశాలు ముఖ్యమైనవి: కల్లు, మద్యం లేదా మత్తుకలిగించే మందులు తీసుకున్నవారు, పొగతాగేవారు బిడ్డ పక్కన పడుకోరాదు, సోఫాలో, కుర్చీలో బిడ్డతో నిద్రపోరాదు, తక్కువ బరువు బిడ్డతో పక్క పంచుకోరాదు. నులక వదులై కుంగిన మంచంలో బిడ్డ తల్లివైపు దొర్లుతుంది. నేలమీద తల్లి చాపకు ఆనుకొని బిడ్డకు వేరే బొంత పరచడం దానికంటె మెరుగు. తల్లిపాలు ఇవ్వడం స్వయంగా రక్షణ; కనీసం రెండు నెలలు తల్లిపాలు తాగిన బిడ్డల్లో సిడ్స్ ప్రమాదం దాదాపు సగం తగ్గుతుందని 2017లో వెలువడిన విశ్లేషణ తేల్చింది.

బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో పాకిస్తానీ మూలాలున్న కుటుంబాలను శ్వేతజాతి బ్రిటిష్ కుటుంబాలతో పోల్చిన అధ్యయనం 2012లో వెలువడింది. మొదటి వర్గంలో బిడ్డ ఒంటరిగా నిద్రించడం, ఇంట్లో పొగ, మద్యం, సోఫాలో నిద్ర తక్కువగా కనిపించాయి. మెత్త వాడటం, పక్కకు పడుకోబెట్టడం ఎక్కువగా కనిపించాయి. ఒకే సంప్రదాయంలో రక్షించేవీ, ప్రమాదం తెచ్చేవీ కలిసి ఉంటాయని ఆ అధ్యయనం తెలుపుతున్నది. సిద్దిపేట ఆచారాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

5.4. ఎండ, చలి, పొగ

వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, పౌషమాఘాల్లో తెల్లవారుజామున కొరికే చలి ఈ ప్రాంత వాతావరణం. బాలింతకు, బిడ్డకు గాలి సోకరాదని తలుపులు మూసి, బిడ్డ తలకు గుడ్డ చుట్టి, పైన మందపు దుప్పటి కప్పడం పరిపాటి. బిడ్డ శరీరపు వేడి ఎక్కువగా తలనుంచే బయటికి పోతుంది కాబట్టి ఇంటిలోపల నిద్రలో తల కప్పితే వేడెక్కే ప్రమాదం ఉంది. పెద్దలు ధరించినదానికంటె ఒక పొర మాత్రమే ఎక్కువ ఉంటే చాలు. మెడ వెనుక, రొమ్ము చెమటతో తడిసి ఉంటే బట్టలు ఎక్కువైనట్లు గ్రహించాలి. చలికాలంలో వదులు దుప్పటికి బదులు ఒంటికి సరిపోయే బట్టలు తొడగడం మంచిది. పుట్టిన తొలి గంటల్లో, తక్కువ బరువు బిడ్డల విషయంలో వెచ్చదనం ప్రాణావసరం కాబట్టి అక్కడ వైద్యుల సూచనే పాటించాలి.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం అత్యంత ప్రమాదకరం. దానినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తల్లీబిడ్డలిద్దరికీ అది ప్రాణాంతకం. సాంబ్రాణి పొగ కూడా పసివాని ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. గర్భిణి పొగతాగడం, పుట్టాక బిడ్డ పొగ పీల్చడం సిడ్స్‌కు ప్రధాన హేతువుల్లో చేరాయి. దుబ్బాక, సిద్దిపేట పరిసరాల్లో బీడీలు చుట్టే ఇళ్లు అనేకం. బిడ్డ నిద్రించే గదిని తంబాకుకూ, బీడీపొగకూ దూరంగా ఉంచడం ఆ ఇళ్లలో మరింత శ్రద్ధతో చేయవలసిన పని.

6. మినహాయింపులు

బిడ్డ రెండు వైపులా తానుగా దొర్లగలిగిన తరువాత, వెల్లకిల పడుకోబెట్టిన బిడ్డ నిద్రలో బోర్లా తిరిగితే మళ్లీ మళ్లీ తిప్పనవసరం లేదు. దొర్లే సూచనలు కనిపించగానే బిడ్డను గుడ్డతో బిగించి చుట్టడం మానాలి. తక్కువ బరువు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ పద్ధతి వేరు. అక్కడ తల్లి మేల్కొని బిడ్డ ముఖాన్ని, ఊపిరిని గమనిస్తూ ఉంటుంది. శ్వాసమార్గపు లోపాలున్న బిడ్డలకు వైద్యులు వేరే భంగిమను సూచించవచ్చు.

7. ఇరవై ఒకటవ రోజు – సమన్వయానికి సందర్భం

నమూనా నమోదు పద్ధతి 2020 నివేదిక ప్రకారం వెయ్యి సజీవ జననాలకు శిశుమరణాలు దేశంలో 28, తెలంగాణలో 21. నెలలు నిండకపోవడం, తక్కువ బరువు, పుట్టుకవేళ ఊపిరందకపోవడం, అంటురోగాలు ఇందులో ప్రధాన కారణాలు. ఇంటివద్ద నిద్రలో మరణించిన బిడ్డకు శవపరీక్ష జరగడం మన సమాజంలో అరుదు. కాబట్టి అటువంటి మరణం గ్రామంలో విధిరాతగానో, దిష్టిగానో, తల్లి అజాగ్రత్తగానో మిగిలిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న బాలింత నిందను కూడా మోయవలసి వస్తుంది. శాస్త్రజ్ఞానం ఆ నిందను తొలగించడానికి కూడా ఉపకరించాలి.

ఇంటివద్ద నవజాత శిశుసంరక్షణ కార్యక్రమంలో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బిడ్డను చూడటానికి ఇంటికి వస్తుంది. సిద్దిపేట ప్రాంతంలో చాలా కుటుంబాలు బిడ్డను తొట్టెలలో వేసే వేడుకను ఇరవై ఒకటవ నాడే జరుపుతాయి. ఆనాడు రెండువైపుల పెద్దలూ ఇంట ఉంటారు. బిడ్డను ఎలా పడుకోబెట్టాలో, పక్కలో ఏమేమి ఉండరాదో తల్లి ఒక్కదానికే కాక అమ్మమ్మకు, నాయనమ్మకు, తండ్రికి కూడా చూపి చెప్పడానికి ఇంతకు మించిన సందర్భం లేదు. పైగా ప్రమాదం అధికమయ్యే రెండవ నెలకు ఇంకా కొద్దిరోజుల వ్యవధి ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

• పగలైనా, రాత్రైనా, ఏడాది నిండేవరకు బిడ్డను వెల్లకిలే నిద్రపుచ్చాలి. తెలుగువారి సంప్రదాయం, పదజాలం ఈ భంగిమకు అనుకూలమైనవే.

• పాలు పొలమారతాయన్న భయానికి శరీరనిర్మాణరీత్యా ఆధారం లేదు.

• చీర తొట్టె ఊరడింపునకు, చదునైన గట్టి పక్క నిద్రకు అన్న విభజన పాటించదగినది.

• మెత్త, వదులు దుప్పటి, తలగుడ్డ, కుంపటి, పొగ బిడ్డ నిద్రించే చోటునుంచి తొలగించదగినవి.

• తల్లి గదిలోనే బిడ్డ నిద్ర, తల్లిపాలు, నేలమీద పరచిన బొంత నిలుపుకోదగినవి.

వైద్యులే అరవై ఏళ్లక్రితం బోర్లా భంగిమను సమర్థించి, తరువాత ఆధారాలను బట్టి తమ సలహాను మార్చుకున్నారు. శాస్త్రానికి ఉన్న ఈ సవరించుకునే గుణం సంప్రదాయానికీ అవసరమే. ఈ మార్పుల్లో ఏ ఒక్కదానికీ డబ్బు ఖర్చు లేదు. బిడ్డ తనంతట తాను బోర్లాపడి ఇంటిల్లిపాదికీ బొబ్బట్లు తినిపించే రోజువరకు బిడ్డను వెల్లకిల పడుకోబెట్టే బాధ్యత పెద్దలది.